వేపాకు వాటా దారి చూపినా కదలని పంచాయతీలు
కొత్త సర్పంచుల హయాములోనైనా జీవవైవిధ్య కమిటీలకు ప్రాణం వచ్చేనా?

వనపర్తి: ఊరి వేపాకుకు కూడా విదేశీ మార్కెట్టులో ధర పలుకుతుందని, ఆ ధరలో ఊరికి వాటా రావలసి ఉంటుందని దేశానికి తెలియజెప్పినది పాలమూరు ప్రాంతమే. 2000 దశకం చివరి భాగంలో హైదరాబాదుకు చెందిన బయో ఇండియా బయలాజికల్స్ అనే సంస్థ, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమరచింత నుంచి 2,000 కిలోల వేపాకు సేకరించి జపానుకు ఎగుమతి చేసింది. చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు 55,035 రూపాయలు రాయల్టీగా చెల్లించింది. అందులో 17,000 రూపాయలు అమరచింత జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి తిరిగి వచ్చాయి. ఆ సొమ్ముతో వేప మొక్కలు నాటాలి, జీవవైవిధ్యం గురించి గ్రామస్థులకు తెలియజెప్పాలి అన్నది షరతు. స్థానిక కమిటీకి ఈ విధంగా వాటా ముట్టిన తొలి సందర్భంగా దీనిని పేర్కొంటారు.

లెక్క వేసి చూస్తే రాయల్టీ కిలోకు ఇరవై ఏడు రూపాయల పైచిలుకు పడింది. ఊరికి చేరినది కిలోకు ఎనిమిదిన్నర రూపాయలు. మొత్తం మీద అది గొప్ప రాబడి ఏమీ కాదు. ఒక వీధిలో సిమెంటు రోడ్డు ముక్క వేయడానికి కూడా చాలదు. అయితే అది ప్రభుత్వం దయతలచి ఇచ్చిన గ్రాంటు కాదు, ప్రజల నుంచి వసూలు చేసిన పన్నూ కాదు. తన హద్దులోని చెట్టు మీద ఊరికి ఉన్న హక్కును గుర్తించి ఇచ్చిన వాటా. ఆ కారణంగానే జీవవైవిధ్యంపై వెలువడే పత్రాలలో అమరచింత పేరు ఈనాటికీ కనిపిస్తూ ఉంటుంది.

దారి తెరుచుకుని రెండు దశాబ్దాలు కావస్తున్నది. ఆ దారిలో మిగతా పంచాయతీలు ఎందుకు నడవలేదన్నది ఇప్పుడు వేసుకోవలసిన ప్రశ్న. ఇప్పుడే ఎందుకంటే, రాష్ట్రంలోని పన్నెండు వేల ఏడు వందలకు పైగా గ్రామ పంచాయతీల పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసిన తరువాత, దాదాపు రెండేళ్లపాటు ప్రత్యేకాధికారుల పాలన సాగింది. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. జీవవైవిధ్య కమిటీని నియమించవలసినది స్థానిక సంస్థే కనుక, ఆ సంస్థకు పాలకవర్గమే లేని కాలంలో కమిటీని పట్టించుకునే నాథుడు లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇకమీదట ఆ సాకు చెల్లదు.

చట్టంలో ఏమున్నది?

2002 నాటి జీవవైవిధ్య చట్టంలోని 41వ సెక్షను ప్రకారం ప్రతి స్థానిక సంస్థ తన పరిధిలో ఒక కమిటీ ఏర్పాటు చేసి తీరాలి. దయతో చేసే పని కాదు, విధి. 2004లో వచ్చిన నియమాల ప్రకారం అధ్యక్షుడు కాక ఆరుగురికి మించకుండా సభ్యులను స్థానిక సంస్థ నియమించేది. వారిలో మూడో వంతుకు తక్కువ కాకుండా మహిళలు, 18 శాతానికి తక్కువ కాకుండా షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఉండాలి. స్థానిక శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు సమావేశాలకు ప్రత్యేక ఆహ్వానితులు. 2024లో ఆ నియమాల స్థానంలో కొత్త నియమాలు వచ్చినా, కమిటీ ఉండి తీరాలన్న మూలసూత్రం మారలేదు.

కమిటీకి అప్పగించిన ప్రధానమైన పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారీ. ఊళ్లో ఏ పంటలు, ఏ విత్తనాలు ఉన్నాయి, ఏ గొడ్డు జాతులు ఉన్నాయి, చెరువులో ఏ చేపలు, గట్టు మీద ఏ చెట్లు, వలస వచ్చే పక్షులు ఏవి, ఏ ఆకును దేనికి వాడతారు, నాటువైద్యం తెలిసినవారు ఎవరు - ఇవన్నీ గ్రామస్థులను అడిగి అందులో రాయాలి. ఇంతేకాక, వ్యాపారం నిమిత్తం తన పరిధిలోని జీవ వనరులను సేకరించుకుపోయే వారి నుంచి రుసుము వసూలు చేసే అధికారం కమిటీకి ఉన్నది. ఆ వనరులపైన, వాటికి సంబంధించిన జ్ఞానంపైన ప్రాధికార సంస్థగాని, రాష్ట్ర బోర్డుగాని నిర్ణయం తీసుకునే ముందు కమిటీని సంప్రదించాలి.

ఇంత అధికారం చేతిలో ఉండి కూడా చాలా గ్రామాలలో కమిటీ అంటే నోటీసు బోర్డు మీద ఏడు పేర్లు మాత్రమే. సభ్యులుగా తమ పేర్లు ఉన్నాయన్న సంగతి కూడా తెలియని సభ్యులు ఉంటే అది విడ్డూరం కాదు. ఎందుకు ఇలా జరిగిందో తెలియాలంటే 2019 నాటి సంగతి ఒకటి చెప్పుకోవాలి.

గడువు తెచ్చిన తొందర

చట్టం వచ్చి పద్నాలుగేళ్లయినా దేశం మొత్తం మీద కమిటీల సంఖ్య పది వేలకు మించలేదని, రిజిస్టర్ల సంఖ్య అంతకన్నా ఎంతో తక్కువ అని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు పిటిషను దాఖలైంది. విచారణ సాగించిన ట్రిబ్యునల్ 2019 ఆగస్టులో కరకుగా ఉత్తర్వు ఇచ్చింది. 2020 జనవరి 31లోగా ప్రతి స్థానిక సంస్థలో కమిటీ, రిజిస్టరు పూర్తి కావాలి. లేకుంటే ఆ తరువాత నెలకు 10 లక్షల రూపాయల చొప్పున రాష్ట్రాలు జమ చేయాలి. ఫలితం వెంటనే కనిపించింది. కొద్దికాలంలోనే కమిటీల సంఖ్య దేశంలో రెండున్నర లక్షలు దాటింది. రిజిస్టర్లూ దాదాపు అదే స్థాయికి చేరాయి.

పదిహేడేళ్లలో కాని పని కొద్ది నెలలలో ఎలా అయింది? పల్లె సంగతులు తెలిసిన వారికి జవాబు చెప్పనక్కరలేదు. ఒక ఊరి రిజిస్టరు సక్రమంగా రాయాలంటే ఏడాది పొడుగునా తిరగాలి. వానాకాలంలో మొలిచే ఆకుకూర ఎండాకాలంలో కనబడదు. కార్తీకంలో చెరువుకు వచ్చే పిట్ట వైశాఖంలో ఉండదు. గొర్రెల కాపరి ఊళ్లో ఉండే నెలలు వేరు, మందతో వలస పోయే నెలలు వేరు. తరుముకొచ్చే గడువు ముందు ఇవన్నీ పక్కకు పోయి, పక్క ఊరి జాబితా ఈ ఊరికి, ఈ ఊరి జాబితా ఆపై ఊరికి ఎక్కడం సహజం. ట్రిబ్యునల్ ఉద్దేశం మంచిదే. అయితే జరిమానా భయం కాగితాన్ని పుట్టించగలదు గాని, చెట్టు కింద కూర్చుని ముసలామెను అడిగి రాసే ఓపికను పుట్టించలేదు.

మొక్కల లెక్క ఒక్కటే లెక్క

ఇదిలా ఉండగా, పంచాయతీలు పచ్చదనం విషయంలో ఏ పనీ చేయలేదని అనడం అన్యాయం అవుతుంది. నిజానికి తెలంగాణ పంచాయతీల మీద ఉన్నంత మొక్కల భారం మరెక్కడా లేదేమో. 2015లో మొదలైన హరితహారం, 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు, 2024 నుంచి వనమహోత్సవం - పేర్లు మారినా పని ఆగలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామానికి నర్సరీ ఉండాలన్నది. బడ్జెట్టులో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నది. నాటిన మొక్కలలో 85 శాతం బతకాలన్నది. బతకకపోతే సర్పంచి పదవికి, కార్యదర్శి ఉద్యోగానికి ఎసరు. బిందెలతో, ట్యాంకరుతో నీళ్లు పోసి మొక్కలు కాపాడిన కార్యదర్శులు ఎందరో ఉన్నారు.

చిక్కల్లా ఆ లెక్క తీరులో ఉన్నది. నూటికి ఎనభై ఐదు బతకాలన్నారు గాని, ఆ నూరు మొక్కలు ఏవి అని గట్టిగా అడిగినవారు లేరు. తాఖీదుకు భయపడే మనిషి త్వరగా పెరిగేది, పశువు ముట్టనిది, నీరు పోయకపోయినా చావనిది వెతుక్కుంటాడు. రోడ్ల పక్కన, డివైడర్ల మీద కోనోకార్పస్ అంతలా పెరగడానికి మూలం ఇదే. ఈ నేల చెట్టు కాని ఆ మొక్కను సర్కారు ఊళ్లోకి తెచ్చి, దాని పుప్పొడి మీద, వేళ్ల మీద ఫిర్యాదులు వచ్చాక వద్దని చెప్పవలసి వచ్చింది. అదే రోడ్డు పక్కన విప్ప, నేరేడు, మోదుగ, చింత, నెమలినార వంటివి పెట్టి ఉంటే పిట్టకు పండు, తేనెటీగకు పువ్వు, మనిషికి నీడ దక్కేవి. లెక్కలో మాత్రం కోనోకార్పస్ కూడా ఒక్కటే, విప్ప కూడా ఒక్కటే.

ఇక ఉన్న చెట్టు సంగతి. కొత్త మొక్కకు జాబితా ఉన్నది, కంచె ఉన్నది, జియో ట్యాగు ఉన్నది. అరవై ఏళ్ల వేపకు ఏదీ లేదు. 2021 ప్రాంతంలో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోయాయి. కొన్నిచోట్ల చెట్టంతా నిప్పు తగిలినట్టు అయింది. ఒక రకం శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే పురుగు ఇందుకు కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా చెట్లు తరువాత చిగురించాయి. కాని ఏ ఊళ్లో ఎన్ని మాడాయి, ఎన్ని తేరుకున్నాయి, ఏ చెట్టు అసలు మాడకుండా తట్టుకున్నది? తట్టుకున్న చెట్టు గింజ ఎంతో విలువైనది. రేపు నాటవలసినది దాని గింజనే. ఊరి రిజిస్టరు సజీవంగా ఉంటే ఒక పేజీలో తేలే విషయం ఇది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైను సీసాలతో మందు ఎక్కించిన ఫోటోలు దేశమంతటా అచ్చయ్యాయి. అందరికీ తెలిసిన చెట్టు కనుక వైద్యం దొరికింది. రచ్చకట్ట వేపకు ఆ అదృష్టం ఎక్కడిది?

రాసుకోవలసినవి ఎన్నో

పాలమూరు అంటే కరువు, వలస అని పేరు పడింది గాని, ఈ నేలకు ఉన్న జీవసంపద తక్కువది కాదు. దేశంలో విస్తారంగా సాగయ్యే సీతాఫలం రకాలలో ఒకదాని పేరే బాలానగర్. మన బాలానగర్ పేరు మీదుగానే అది ఇతర రాష్ట్రాల తోటలకు చేరింది. గట్ల మీద దానంతట అది పెరిగిన చెట్ల నుంచి వచ్చిన పండు ఇది. పేరు ఊరిది, లాభం తోటలది. అప్పటికి చట్టం లేదు కనుక ఎవరినీ అనవలసింది లేదు. అయితే ఇవాళ ఆ గట్ల మీద మిగిలిన చెట్లలో గింజ తక్కువ, గుజ్జు ఎక్కువ ఉన్నవి ఏవో, కాపు ముందుగా వచ్చేవి ఏవో బుట్టలు మోసే ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు.

రాసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి పక్కనే నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు ఎద్దు ఉన్నది. ఒంటి మీద మచ్చలు ఉంటాయి కనుక పొడ, తూర్పు దిక్కు నుంచి వస్తాయి కనుక తూర్పు అని రైతులు పెట్టుకున్న పేరు అది. తరతరాలుగా రైతులు కొంటూనే ఉన్నా, ప్రభుత్వ దస్త్రాలలో అది ఊరూపేరూ లేని నాటు పశువే. మందల వివరాలు, లక్షణాలు పద్ధతిగా నమోదు చేసి పంపాక, 2020లో కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దానిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. తెలంగాణ నుంచి ఆ గుర్తింపు పొందిన తొలి పశుజాతి అదే.

చెరువుల విషయమూ అంతే. 2016 నుంచి ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ దండిగా పెరిగి మత్స్యకారులకు ఆదాయం వస్తున్న మాట కాదనలేనిది. ఆ సందట్లో కొర్రమీను, వాలుగ, జెల్ల, చిన్న పరకల గతి ఏమైందన్నది బెస్తవారి మాటలలో తప్ప రాతలో లేదు. రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీనుకే ఈ గతి అయితే పరకను అడిగేదెవరు? జూరాల నీటిలో మొసళ్లున్న సంగతి ఒడ్డు గ్రామాలకు తెలుసు. ఎక్కడ గుడ్లు పెడతాయి, ఏ రేవుకు ఏ నెలలో వస్తాయి అన్నది రాసి ఉంటే అది మొసలికీ రక్ష, బట్టలు ఉతికే మనిషికీ రక్ష.

రాతకు ఎంత బలం ఉన్నదో వేప కథే చెబుతుంది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద ఒక అమెరికా కంపెనీకి, ఆ దేశపు వ్యవసాయ శాఖకు కలిపి ఐరోపా కార్యాలయం 1994లో పేటెంటు ఇచ్చింది. ఆ పద్ధతి భారతదేశంలో అంతకు ముందే వాడుకలో ఉన్నదని సాక్ష్యాలతో నిరూపించిన మీదట 2000లో అది రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. తాత చెప్పాడు, అవ్వ వాడింది అంటే అక్కడ చెల్లలేదు. రుజువు కావలసి వచ్చింది. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉన్నది. నాటువైద్యుని రహస్యాన్ని రిజిస్టరులో రాసి అందరి ముందు పరిస్తే, దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. అందుకే రిజిస్టరును బయటివారు ఎవరు, ఎంతవరకు చూడవచ్చో నియంత్రించే బాధ్యత కూడా కమిటీ మీదనే ఉన్నది.

సన్నగిల్లుతున్న వాటా

ఆదాయం విషయంలో మాత్రం గ్రామాలకు కాలం కలిసివస్తున్నట్టు లేదు. 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో, స్వదేశీ కంపెనీలు కూడా స్థానికులకు వాటా ఇవ్వవలసిందేనని తీర్పు చెప్పింది. గ్రామాలకు అది పెద్ద అండ. 2023లో పార్లమెంటు చేసిన సవరణ ఆ అండను కొంత సడలించింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఆ సవరణ ప్రకారం గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానానికి, సాగు చేసిన ఔషధ మొక్కలకు, ఆయుష్ వైద్యులకు మినహాయింపులు వచ్చాయి. జైలు శిక్ష తీసివేసి జరిమానాలు ఉంచారు. ప్రాచీన వైద్య గ్రంథాలలో వేప లేని గ్రంథం ఏది? కనుక అమరచింతకు వచ్చిన వాటా వంటిది ఈనాడు రావాలంటే ముందు వాదన గెలవాలి. మామూలు వ్యాపార సరుకుగా కేంద్రం ప్రకటించిన వాటికి మొదటి నుంచీ మినహాయింపు ఉండనే ఉన్నది.

ఈ సవరణలోనే పంచాయతీలు గమనించవలసిన మెలిక ఒకటి ఉన్నది. ఔషధ మొక్క సాగు చేసినదే, అడవిది కాదు అని మూల ధ్రువపత్రం కావాలంటే అది కమిటీ పుస్తకాలలో నమోదు కావాలి. అంటే గట్టు మీద కోసుకున్న సరుకును పొలంలో పండించినదిగా చూపి మినహాయింపు పొందకుండా ఆపగలిగే ద్వారం కమిటీయే. ద్వారం దగ్గర కాపలా లేకపోతే, సంతకం ముద్ర ఎవరి బల్ల సొరుగులో ఉంటే వారే కమిటీ అవుతారు.

బిరుదు ఒక్కటే ఊరిని కాపాడదన్న సంగతి కూడా మరువరాదు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర ప్రాంతపు నీటి వనరుకు దేశంలో అలాంటి హోదా దక్కడం అదే మొదలు. పక్షులు చూడ వచ్చేవారు పెరిగారు, పేరు వచ్చింది. భూమి ధర అంతకన్నా వేగంగా పెరిగింది. 2024లో హైడ్రా సంస్థ అమీన్‌పూర్ పరిసరాలలో ఆక్రమణలను కూల్చవలసి వచ్చింది. అనుమతులు ఇచ్చే చేయి, చెరువును కాపాడే చేయి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే పలక పెట్టి ప్రయోజనం స్వల్పం.

ఇప్పుడు చేయదగినవి

పంచాయతీల వద్ద డబ్బు లేదన్న మాట నిజమే గాని, ఈ పనికి కావలసిన డబ్బు తక్కువ. 10 శాతం పచ్చదనం పద్దు ఉండనే ఉన్నది. అందులో కొంత రిజిస్టరు తిరగరాయడానికి వాడుకునేందుకు పై అధికారులు వీలు కల్పించాలి. ఏటా చింతకాయ, సీతాఫలం, గడ్డి వేలం వేసే పంచాయతీలు ఆ షరతులలోనే ఒక వాక్యం చేర్చవచ్చు: కొమ్మ నరకరాదు, ఆకు, బెరడు, గింజ వ్యాపారానికి తీసుకుపోతే కమిటీకి తెలిపి రుసుము కట్టాలి. కమిటీలో సర్పంచి బంధువుల బదులు గొర్రెల కాపరి, బెస్త పెద్ద, మంత్రసాని, విత్తనాలు దాచుకునే రైతు మహిళ, బడి సైన్సు మాస్టరు ఉంటే రిజిస్టరు సగం రాసినట్టే. నర్సరీలో ఏ మొక్కలు పెంచాలన్నది జిల్లా నుంచి వచ్చే ఇండెంటు ప్రకారం కాక, ఈ కమిటీ ఇచ్చే జాబితా ప్రకారం జరగాలి. తాఖీదులలో 85 శాతంతోపాటు ఎన్ని రకాలు అన్న ప్రశ్న కూడా ఉండాలి. దీనికి జీవో అవసరమైతే కలెక్టర్లు రాజధానికి రాయవచ్చు.

అమరచింత విషయానికి వస్తే, అది 2018లో పురపాలక సంఘమైంది. జిల్లాల పునర్విభజనలో వనపర్తి జిల్లాలో చేరింది. పంచాయతీ నాటి కమిటీ పంచాయతీతోనే పోయింది. పురపాలక సంఘానికి వేరే కమిటీ, వేరే రిజిస్టరు ఉండాలి. పురపాలక చట్టం ప్రకారం వారికీ 10 శాతం పద్దు ఉన్నది. ఆ 17,000 రూపాయలతో నాటిన వేప మొక్కలు ఈపాటికి మానులై ఉండాలి. కొత్త రిజిస్టరు మొదటి పేజీలో అవి ఏ వార్డులో, ఏ వీధిలో, ఎన్ని ఉన్నాయో రాయవచ్చు. 2021 తెగులును వాటిలో ఏవి తట్టుకున్నాయో రెండో పేజీలో రాయవచ్చు.